ఐదు ఔన్సుల బండికి కందెన

బెల్ రివర్, అయోవా
1974 జనవరి 7

గౌరవనీయులైన మావయ్యగారికి,

అల్లుడు మెర్విన్ నమస్కారాలు. ఇక్కడ మంచు నడుము దాకా ఉంది, మేం ముగ్గురం బాగానే ఉన్నాం. మీ టూ హార్బర్స్‌లో మెడ దాకా ఉండి ఉంటుంది కాబట్టి మీరు ఇంకా బాగున్నారని తలుస్తాను. ఈ సంగతి ఆదివారం ఫోన్‌లోనే అడుగుదామనుకున్నాను. నేను పావుగంట అరిచాను, మీరు పావుగంట "బాగున్నాను, బాగున్నాను" అన్నారు. అందుకే ఉత్తరం.

విషయం రోల్ఫ్ బండి గురించి. ఫిబ్రవరి 23 శనివారం మా చర్చిలో కబ్ స్కౌట్ పిల్లల బండి పందెం. వాడికి పదేళ్ళు నిండాయి, పందెంలో దిగడానికి ఇదే ఆఖరి ఏడు. గత మూడేళ్ళూ మావాడి బండి చివర వచ్చిందని మీకు రాశాను. అది అబద్ధం. చివర రావడం అంటే రావడమేగా. మాది రాలేదు. మూడేళ్ళూ వాలు సగంలో ఆగిపోయింది. పోయినేడు పాస్టరుగారు చీపురు కర్ర తీసుకొచ్చి వెనక నుంచి నెట్టారు. నెడుతూ కళ్ళు మూసుకుని ఏదో గొణిగారు, ప్రార్థనే అనుకుంటాను.

మాకు గెలుపు వద్దు మావయ్యగారూ. గీత దాటితే చాలు. రైల్వేలో ముప్పై ఎనిమిదేళ్ళు చక్రాలకు కందెన పెట్టిన మనిషిని మావయ్యగా పెట్టుకుని ఇన్నాళ్ళూ అడగకపోవడం నా బుద్ధితక్కువ. మీ పొడుగు ముక్కు నూనె డబ్బా మా ముందుగదిలో మేకుకి వేలాడుతూనే ఉంది. ప్రతి శనివారం నేనే తుడుస్తాను. తుడిచినప్పుడైనా తట్టలేదు. చక్రాలకు ఏం పెట్టాలో దయచేసి రాయండి.

ఇట్లు,
మీ అల్లుడు
మెర్విన్ ఓస్ట్‌బీ

తా.క.: బండి మీద ఏ నంబరు వెయ్యాలో తాతయ్యని అడగమన్నాడు రోల్ఫ్. ఆగిపోయే బండికి ఏ నంబరైతేనేం అన్నాను. వాడు అలిగాడు. మీకు తోచినది ఒకటి రాసి పడెయ్యండి.

* * *

టూ హార్బర్స్, మినెసోటా
1974 జనవరి 12

అల్లుడు మెర్విన్‌కి మావయ్య ఐనార్ దీవెనలు.

మెడ దాకా కాదు, చెవుల దాకా. అయినా బాగున్నాను.

పెళ్ళయి పన్నెండేళ్ళకి నన్నొక ప్రశ్న అడిగావు. సంతోషం. శ్రద్ధగా చదువు, మళ్ళీ మళ్ళీ చెప్పను. ముందు ఇరుసు పెట్టె మూత తియ్యి. ఉన్ని పీచు తీసుకుని అర గ్యాలన్ నల్లనూనెలో రెండు రోజులు నానబెట్టు. దాన్ని ఇరుసు కింద గట్టిగా కూరి మూత వెయ్యి. యాభై మైళ్ళకోసారి పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూడు. చెయ్యి ఆనించలేకపోతే బండి ఆపెయ్యి. పొగ వస్తుంటే బండి సంగతి మానేసి పరిగెత్తు.

నువ్వు రాయాల్సినవి రాయలేదు. పిల్లాడి బరువెంత? బండికి బ్రేకుందా? పళ్ళెంలా చదునుగా ఉండే అయోవాలో, అదీ చర్చిలో, కొండ ఎక్కడ దొరికింది మీకు? దిగేటప్పుడు వాణ్ణి మోకాళ్ళు లోపలికి ముడుచుకోమను, చెవులకు టోపీ కట్టు. పిల్లాణ్ణి కూర్చోబెట్టిన బండిని చీపురు కర్రతో నెట్టాడంటే మీ పాస్టరు గట్టివాడే, అలాంటివాణ్ణి దగ్గర పెట్టుకో.

నూనె, పీచు పార్సెల్‌లో పంపాను.

మీ మావయ్య
ఐనార్ టాల్మో

తా.క.: నంబరు 38 వెయ్యమను. ఎనిమిదిని ఒకదాని మీద ఒకటి రెండు సున్నాలుగా పెట్టకూడదు, మంచుబొమ్మలా అవుతుంది. ఒకే గీతలో మెలి తిరిగి రావాలి. కింది బొజ్జ పై బొజ్జ కంటే పిసరంత పెద్దగా ఉండాలి, లేకపోతే అంకె ముందుకు పడిపోతున్నట్టు కనిపిస్తుంది. మూడు నోరు మరీ తెరవకూడదు. ముందు కాగితం మీద నలభైసార్లు వేయించి, అప్పుడే కుంచె ఇవ్వు.

* * *

బెల్ రివర్
1974 జనవరి 20

మావయ్యగారికి నమస్కారాలు.

పార్సెల్ అందింది. అందినంత అందింది. మిగతాది మినెసోటా నుంచి అయోవా దాకా ఉత్తరాల సంచుల్లో ఇంకిపోయింది. మా పోస్టుమాన్ దాన్ని పెరట్లోంచి పార మీద మోసుకొచ్చి గుమ్మంలో దించి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు. ఆయన అంతవరకూ రోజూ పలకరించేవాడు.

తప్పు నాదే, బండి ఎంతదో రాయలేదు. మావయ్యగారూ, అందులో పిల్లాడు కూర్చోడు. అది నా అరచేతిలో పడుతుంది. ఏడంగుళాల పైన్‌ చెక్క ముక్క, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు కోటు గుండీలంత, ఇరుసులంటే నాలుగు మేకులు. మొత్తం బరువు ఐదు ఔన్సులు మించకూడదు. చర్చి బేస్‌మెంట్లో వాలుగా చెక్క బాట పెడతారు, దాని మీద నుంచి వదులుతారు. అంతే. యాభై మైళ్ళు కాదు, ముప్పై రెండు అడుగులు.

పైగా నూనె నిషేధం. నూనె పెడితే ప్లాస్టిక్ ఉబ్బుతుందనీ, బాట పాడవుతుందనీ రూలు రాశారు. రాసింది మా పళ్ళ డాక్టరు బ్రూగ్‌మన్. పొడి కందెన మాత్రమే పెట్టాలి. శుక్రవారం సాయంత్రం బండి ఆయన చేతికిచ్చాక ఇక ఎవరూ ముట్టుకోకూడదు.

నాకు తెలిసిన కందెనలన్నీ బ్యాండు మాస్టరు కందెనలే. ట్రంపెట్ మీటల నూనె వేసి చూశాను, చక్రం ఉబ్బి మేకుని పట్టేసింది. రూలు నిజమేనని తెలిసింది. కొవ్వొత్తి మైనం రుద్దాను, చక్రం తిరగడం మాని ఆలోచనలో పడింది. మీ అమ్మాయి లోర్నా ముఖం పౌడరు వేశాను. తిరిగింది కానీ మూడు చుట్లే. ఇల్లంతా గులాబీల వాసన.

మావయ్యగారూ, ఒక మాట దాచుకోలేక రాస్తున్నాను. పెళ్ళినాడు విందు బల్ల దగ్గర మీరు నా రెండు చేతులూ పట్టుకుని, తిప్పి చూసి, "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" నేను మరిచిపోలేదు. ఈ చేతులు దేనికీ పనికిరావని మీకు ఆ రోజే తెలిసిపోయింది. ఇప్పుడు రోల్ఫ్‌కీ తెలుస్తోంది. నిన్న వాడు నన్ను ఓదార్చాడు. పదేళ్ళవాడు భుజం తట్టి "పర్లేదు నాన్నా" అంటే ఎలా ఉంటుందో మీకు తెలియదు.

నిరాశలో,
మెర్విన్

తా.క.: రోల్ఫ్ నలభైసార్లు 38 వేశాడు, వేసినవి మీకు పంపుతూ ఉంటాడట. నా బ్యాండు పాటల కాగితాల వెనక వేశాడు. మంగళవారం మా ట్రాంబోన్ పిల్లలు కాగితం తిరగేసి పట్టుకుని, నంబరు చూస్తూ వాయించారు. ఎప్పటికంటే బాగా వాయించారు.

* * *

టూ హార్బర్స్
1974 జనవరి 25

అల్లుడు మెర్విన్‌కి,

మంచు తగ్గలేదు, నా కోపమూ తగ్గలేదు. అవి రెండూ తప్ప నేను కులాసా.

నూనె నిషేధమా! ఎవడయ్యా ఆ పళ్ళు పీకేవాడు? చక్రం పుట్టినప్పటి నుంచీ నూనె ఉంది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్నారు పెద్దలు. నువ్వు సంగీతం మాస్టరువి కాబట్టి నీకు బాగుంటుందేమో, నా మనవడికి ఆ సంగీతం అక్కర్లేదు. ఇవాళే ఆ డాక్టరుకి నేనే రాస్తున్నాను. నువ్వు మెతకవాడివి, నీవల్ల కాదు.

ఈలోపల పొడి కందెన కావాలంటే లాంతరు మసి ఉంది. చిమ్నీ లోపలి మసి దులిపి గుడ్డలో జల్లించి చక్రాల్లో ఊదు. అంతకన్నా మెత్తని పొడి లోకంలో లేదు.

"ఊఁ" అన్నానా? ఏమో. విందులో చాలా అన్నాను.

మీ మావయ్య
ఐనార్

తా.క.: కుంచె ఉడుత తోక వెంట్రుకలది కొను, పందివి వద్దు. రంగు పాలమీగడంత చిక్కన ఉండాలి. అంకె వేసేటప్పుడు ఊపిరి బిగబట్టి, గీత అయ్యాకే వదలాలి. చిటికెన వేలు బండికి ఆనించితే చెయ్యి వణకదు. వాడు పంపిన కాగితం చూశాను. ఎనిమిది బాగుంది. మూడు ఇంకా నోరు తెరుచుకునే ఉంది, పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టుంది. వాడికి చెప్పు.

* * *

బెల్ రివర్
1974 ఫిబ్రవరి 6

మావయ్యగారికి,

మీ అల్లుడు నల్లటి వేళ్ళతో రాస్తున్నాడు, కాగితం మీది ముద్రలు మన్నించండి.

చిమ్నీ మసి తీశాను. ఆ మసి గురించి మీరు రాసినదంతా నిజం, నిజంగానే లోకంలో అంత మెత్తని పొడి లేదు. అది వంటగదిలో ఊదాను. వంటగదిలో తీగ మీద లోర్నా ఆదివారం పాడటానికి వేసుకునే తెల్లగౌను ఆరుతోంది. ఆరుతుండేది అనాలి. పాటల జట్టులో ఆమె నిలబడేది ముందు వరసలో. ఈ ఆదివారం వెనక వరసలో, స్తంభం పక్కన నిలబడింది. ఇంటికొచ్చాక నాతో అన్న మాటలు చర్చిలో పాడేవి కావు. చక్రం మాత్రం ఒక్క చుట్టు ఎక్కువ తిరగలేదు.

చివరికి సిగ్గు విడిచి కొట్టుకెళ్ళి ఏ పొడి అమ్ముతారని అడిగాను. గ్రాఫైట్ పొడి అట. పెన్సిల్లో ఉండే నలుపే, చిన్న గొట్టంలో వస్తుంది. మేకులు నున్నగా రుద్ది, పొడి పెట్టి, చక్రాన్ని చేత్తో పదిసార్లు తిప్పి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తిప్పాలి. నాలుగు రోజులుగా అదే పని. పిల్లి పాదాలు నల్లబడ్డాయి, దుప్పటి మీద దాని అడుగులు ఎక్కడెక్కడికి వెళ్ళాయో లెక్కపెట్టవచ్చు. కానీ మావయ్యగారూ, తిరుగుతోంది! ఒక్కసారి వేలితో తిప్పితే ఇరవై రెండు సెకన్లు తిరిగింది. తాళం లెక్కపెట్టే మెట్రోనోమ్ పెట్టి కొలిచాను. రోల్ఫ్, నేనూ నేల మీద బోర్లా పడుకుని అది ఆగేదాకా చూశాం. వాడు నా వైపు తిరిగి నవ్వాడు.

ఈ ఏడు గీత దాటుతాం. నాకు నమ్మకం కుదిరింది. కాబట్టి చేతులు జోడించి అడుగుతున్నాను, డాక్టరు బ్రూగ్‌మన్‌కి ఏమీ రాయకండి. ఆయన మొదటే అనుమానం మనిషి. నవ్వితే పళ్ళు చూస్తాడు.

ఆశతో (ఈ మాట రాసి ఎన్నాళ్ళయిందో),
మెర్విన్

తా.క.: చక్రాల గురించి నాలుగు ముక్కలు, అంకెల గురించి నలభై ముక్కలు రాస్తున్నారెందుకండీ? మీ తాజా కలం రోల్ఫ్ చించి గోడకి అంటించుకున్నాడు. పైన చక్రాల గురించి రాసినది నేను చదవకముందే చించాడు, రెండు లైన్లు పోయాయి. ఏం పోయాయో మళ్ళీ రాయండి, లేదా వద్దు.

* * *

టూ హార్బర్స్
1974 ఫిబ్రవరి 11

అల్లుడు మెర్విన్‌కి,

ఈ వారం గాలి ఎక్కువ, నేను తక్కువ. దగ్గు తప్ప ఇంకేం లేదు.

నీ ఉత్తరం పదహారు రోజులు ఆలస్యం. ఆ డాక్టరుకి చెప్పిన రోజే రాసేశాను. మూడు పేజీలు. భయపడకు, నీ పరువుకి భంగం లేకుండానే రాశాను. "మా అల్లుడు మీకు భయపడి నోరెత్తడు గానీ, లోపల నూనె మనిషే" అన్నాను. "అర గ్యాలన్ ఇప్పటికే పంపాను, అది అతని ఇంట్లో ఉంది" అన్నాను. "ఒక చుక్క వేస్తే మీ తాత దిగొచ్చినా కనిపెట్టలేడు" అని కూడా అన్నాను. అది కేవలం మాటవరసకి. జవాబు రాలేదు, ఒప్పుకున్నట్టే.

గ్రాఫైట్ గురించి నాకు తెలియదు. ఇరవై రెండు సెకన్లు అంటున్నావు కాబట్టి మంచిదే అయ్యుంటుంది.

మీ మావయ్య
ఐనార్

తా.క.: మూడు కుదిరింది! చివర కొస తోక కొద్దిగా లోపలికి వంచాడు, అది నేను చెప్పలేదు, వాడంతట వాడే పట్టుకున్నాడు. కాగితాన్ని నా మంచం ఎదురుగా పెట్టుకున్నాను. ఇక బండి మీద వెయ్యనివ్వు. కాఫీ తాగిన గంట దాకా వెయ్యకూడదు. వాడు కాఫీ తాగడు కదూ, మంచిది, నువ్వు మాత్రం పక్కన నిలబడకు.

* * *

బెల్ రివర్
1974 ఫిబ్రవరి 24, ఆదివారం

మావయ్యగారికి,

మేం బతికే ఉన్నాం. అంతకు మించి రాయడానికి ఏమీ లేదు, అయినా రాస్తాను.

శుక్రవారం సాయంత్రం బళ్ళు అప్పగించడానికి వెళ్ళాం. అందరి బళ్ళూ తూచి, నంబరు రాసుకుని, అరలో పెట్టారు. మా వంతు రాగానే డాక్టరు బ్రూగ్‌మన్ కోటు జేబులోంచి మీ ఉత్తరం తీశాడు. మూడు పేజీలూ నలుగురి ముందూ చదివాడు. "లోపల నూనె మనిషే" దగ్గర ఆగి నన్ను తల నుంచి కాలి దాకా చూశాడు. తరవాత పళ్ళు చూసే చిన్న అద్దం తీసి చక్రాల వెనక చూశాడు. నల్లగా ఉంది. అది గ్రాఫైట్ అని నేను చెప్పాను. "నూనె కూడా నల్లగానే ఉంటుంది మాస్టారూ, మీ మావగారే రాశారు, నల్లనూనె అని" అన్నాడు. పుల్లకి దూది చుట్టి, నాలుగు మేకులూ, నాలుగు చక్రాలూ శుభ్రంగా తుడిచాడు. పన్ను తోమినంత ఓపికగా తుడిచాడు. తుడిచాక రూలు ప్రకారం మళ్ళీ ఏమీ పెట్టకూడదు. పది రోజుల పొడి ఆరు దూదిపుల్లల మీద బల్ల మీద పడి ఉంది. రోల్ఫ్ వాటినే చూస్తూ నిలబడ్డాడు.

శనివారం పందెం. బండి బయలుదేరింది. వాలు దిగింది. మూడేళ్ళుగా ఆగిన చోటు దాటింది. నేను లేచి నిలబడ్డాను. అప్పుడు కీచుమంది. గీతకి నాలుగడుగుల దూరంలో ఆగింది. చీపురు కర్ర కోసం పాస్టరుగారు ఇంకా ముందే లేచారు, ఆయనకి అలవాటైపోయింది.

నాకు మీ మీద కోపం వచ్చింది మావయ్యగారూ. దాచను. నాలుగేళ్ళలో ఒక్కసారి నా చేతులతో ఒక చక్రం తిరిగింది. దాన్ని మీ ఉత్తరం తుడిచేసింది. ముప్పై ఎనిమిదేళ్ళు చక్రాలతో బతికిన మనిషి పీచు పంపుతారు, మసి ఊదమంటారు, గ్రాఫైట్ తెలియదంటారు! ఇలా ఎలా? నేను పనికిరానివాణ్ణే. మీరు కూడానా?

ఇక ఏ చక్రం గురించీ ఎవరినీ అడగను.

మెర్విన్

తా.క.: ఒక చిత్రం. అన్నిటికన్నా అందమైన బండికి రిబ్బను ఇస్తారు. డాక్టరు బ్రూగ్‌మన్ మా బండి తిప్పి తిప్పి చూసి, "ఈ అంకెలు పిల్లాడు వేసినవి కావు, మీరు వేసినవే" అని నా మీద పడ్డాడు. రోల్ఫ్ ముందుకొచ్చి "నేనే వేశాను" అన్నాడు. అయితే వెయ్యమని చర్చి బడి నల్లబల్ల దగ్గర నిలబెట్టాడు. వాడు చిటికెన వేలు బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్క గీతలో ఎనిమిది వేశాడు. మూడు తోక లోపలికి వంచాక వాడు ఊపిరి వదిలాడు, అప్పుడు అందరూ వదిలారు. తరవాత చప్పట్లు. డాక్టరే రిబ్బను కట్టాడు. "ఎవరు నేర్పారు" అని అడిగితే "మా తాతయ్య, తాజా కలంలో" అన్నాడు. రాత్రి రిబ్బను పెట్టుకునే పడుకున్నాడు. చక్రాల మనిషి అంకెలు ఎలా నేర్పారో నాకు అంతుపట్టడం లేదు.

* * *

టూ హార్బర్స్
1974 మార్చి 2

మెర్విన్‌కి,

ఈ ఉత్తరం లోర్నాకి చూపించకు. పొయ్యి పక్కన నిలబడి చదువు, చదివాక పొయ్యిలో వెయ్యి.

నేను చక్రాలకు కందెన పెట్టింది పందొమ్మిది రోజులు. 1931లో. ఎవరికీ పని దొరకని రోజుల్లో నాకా పని దొరికింది. పందొమ్మిదో రోజు ఒక పెట్టెలో పీచు కూరడం మరిచిపోయాను. అడవి మధ్యలో ఇరుసు అంటుకుంది. ఇనుపరాయి నింపిన బండి రోజంతా లైను మీద నిలిచిపోయింది. మేస్త్రీ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఐనార్, చక్రాల జోలికి రాకు" అని చేతిలో కుంచె పెట్టాడు. మిగతా ముప్పై ఎనిమిదేళ్ళూ నేను బళ్ళ మీద నంబర్లు వేశాను.

ఇంటికి వెళ్ళి చెప్పలేకపోయాను. నాకు కందెన పని దొరికిందని మీ అత్తగారు అప్పటికే ఊరంతా చెప్పుకుంది. తరవాత ఆవిడకి తెలిసింది. బట్టలు ఉతికేది ఆవిడేగా, నూనె మరకకీ రంగు మరకకీ తేడా తెలియదా? నన్నెప్పుడూ అడగలేదు. ఆవిడ పోయేదాకా అడగలేదు. పిల్లలకి మాత్రం అబద్ధం అలాగే మిగిలిపోయింది.

నువ్వు చక్రాల గురించి అడిగినప్పుడు నాకు చెమట పట్టింది. పీచు సంగతి పందొమ్మిది రోజుల్లో నేర్చుకున్నది. మసి సంగతి కల్పించాను. డాక్టరు మీద పోట్లాట నాకు ఏమీ తెలియదని నీకు తెలియకూడదని పెట్టుకున్నది. నీ పది రోజుల పని తుడిచిపెట్టింది నేనే. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు. పిల్లాడు నంబరు అడిగాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో నాకు నిజంగా తెలిసిన సంగతి ఒకరు అడగడం అదే మొదటిసారి. నా తాజా కలాలు పెరిగిపోతున్నాయన్నావు. ఏం చెయ్యను?

నా నంబర్లు వేసిన బళ్ళు ఇప్పటికీ మా ఇంటి వెనక లైను మీద పోతుంటాయి. కిటికీలోంచి చూస్తాను. నా మూడుని ఎక్కడున్నా గుర్తుపడతాను. ఇప్పుడు అయోవాలో కూడా ఒకటుంది.

ఇంకో మాట. పెళ్ళినాటి "ఊఁ" నాకు గుర్తులేదని రాశాను. బాగా గుర్తుంది. చక్రాల వాళ్ళ చేతులు చూస్తే తెలుస్తుంది, గోళ్ళ మొదట్లో నలుపు ఉంటుంది, ఎంత తోమినా చచ్చేదాకా పోదు. ఆ రోజు బల్ల చుట్టూ కూర్చున్న మా రైల్వే వాళ్ళందరికీ ఉంది. నాకొక్కడికే లేదు. ముప్పై ఏళ్ళు ఆ చేతులు జేబుల్లో దాచుకుని విందుల్లో కూర్చున్నాను. నీ చేతులు తిప్పి చూశాను. తెల్లగా ఉన్నాయి. ఇక ఈ ఇంట్లో ఇద్దరమయ్యాం అనిపించింది. ఆ "ఊఁ" అదీ, అబ్బాయ్.

నీ మావయ్య
ఐనార్

తా.క.: మీ ముందుగదిలో వేలాడే నూనె డబ్బా నేను ఉద్యోగం మానేసిన వారం పాత సామాను అమ్మే చోట కొన్నాను. అది రైల్వేది కూడా కాదు, కుట్టుమిషన్లకు నూనె వేసేది. శనివారాలు తుడవడం మానకు, లోర్నాకి అనుమానం వస్తుంది.